మస్టర్లు పడ్తయా, బిడ్డా?

ఆయన పోయిన సంగతి నాకు కాగితం మీద తెలిసింది. టైమ్ ఆఫీసులో పొద్దున్నే నా బల్ల మీద పడే కట్టలో, సెలవు చీటీల కింద, దవాఖాన నుంచి వచ్చిన కాగితం ఒకటి ఉంది. ఫలానా నంబరు టింబర్‌మన్ మరణించాడు, మస్టర్ రోలులో పేరు కొట్టేయవలసింది అని. గనిలో పనికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాసే పుస్తకం మస్టర్ రోలు. పన్నెండేళ్లకు పైగా అది నా చేతిలోనే ఉంది. అందులో ఎర్రసిరాతో ఒక అడ్డగీత గీస్తే ఆ మనిషి లెక్క అయిపోతుంది. టీ తాగుతూ, పక్కవాడితో సినిమా కబుర్లు చెబుతూ ఎన్ని గీతలు గీశానో నాకే తెలియదు. ఆ రోజు మాత్రం కలం తీసి మళ్లీ పెట్టేశాను. కాగితాన్ని కట్టలో అన్నిటికంటే కిందికి తోసి, మిగతా పని అంతా చేసుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరుకు నా వల్ల జరిగింది చాలు. గోదావరిఖనిలో సగం మంది ఆయన్ను కాక అనేవారు, నేనూ అలాగే అన్నాను. అలాగే రాస్తాను.

కాక అనగానే నాకు ఆయన మొహం కంటే ముందు చేతివేళ్ల కణుపులు గుర్తొస్తాయి. గనిలో టింబర్‌మన్ పని పైకప్పుకు కర్రదుంగలు ఆనించి నిలబెట్టడం. నిలబెట్టే ముందు కప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే ఫరవాలేదు. బోలుగా మోగితే పొర విడుతోందని అర్థం, అక్కడి నుంచి జల్దీ తప్పుకోవాలి. పాతికేళ్లు అదే పని చేసి చేసి, పైకి వచ్చినా ఆయన చేయి ఊరుకునేది కాదు. బెంచీ మీద కూర్చునే ముందు బెంచీని కొట్టేవాడు. అంగట్లో గుమ్మడికాయను, కొత్త కుండను, ఆఖరికి మా ఆఫీసు గోడను కూడా తల ఒక పక్కకు వంచి రెండుసార్లు కొట్టి వినేవాడు. ఒకసారి మీటింగు కోసం వేసిన చెక్కల వేదికను కొట్టి చూసి, పెదవి విరిచి, అల్లంత దూరం పోయి నిలబడ్డాడు. మేమంతా నవ్వుకున్నాం. మీటింగు అయిపోయింది, వేదిక చెక్కుచెదరలేదు. ఆ మాటే ఆయనతో అంటే, "కూలకుంటే మంచిదే గద" అన్నాడు. అందులో ఓడిపోయినట్టు ఆయనకు ఏమీ అనిపించలేదు.

టిఫినుడబ్బాలో రొట్టెలు నాలుగుంటే కింద రెండే తినేవాడు. మిగతా రెండూ షిఫ్టు అయి పైకి వచ్చాక, గేటు దగ్గర గొంతుక్కూర్చుని తినేవాడు. కింద ఆకలేసినా తినేవాడు కాదు. ఏమో, పైకి రావడం ఆలస్యమైతే అని. ఆ ఆలస్యం ఎన్నడూ కాలేదు, ఆయన రొట్టెలు దాచుకోవడమూ ఎన్నడూ మానలేదు. బొగ్గు ఎత్తే కుర్ర ఫిల్లర్లు దీని మీద ఎన్ని పరాచికాలు ఆడేవారో. ఆయన నములుతూనే నవ్వేవాడు.

నేను ఉద్యోగంలో చేరింది అరవైల నడుమ. అప్పటికి ఇక్కడ ఊరు అనేది ఇంకా ఊరులా లేదు. ఒక గని పక్కన ఇంకో గని తవ్వుతున్నారు. రామగుండం స్టేషనులో రైలు ఆగితే మూటలూ ముల్లెలతో మనుషులు దిగడమే దిగడం. మంథని వైపు నుంచి, రామగిరి గుట్టల కింది పల్లెల నుంచి నడిచి వచ్చేవాళ్లు వేరే. గోనెపట్టాల కింద హోటళ్లు, వెదురుబొంగుల మీద బట్టల దుకాణాలు, గుడారంలో సినిమా. నిన్న ముళ్లకంపలున్న చోట ఇవాళ సైకిలు షాపు ఉండేది. గది అద్దె ఏడాదికోసారి కాదు, పండుగకోసారి పెరిగేది. ఎవరిని కదిపినా వచ్చే ఏడు గురించే మాట్లాడేవారు. వచ్చే ఏడు ఇంకో రెండు గనులు, వచ్చే ఏడు కరెంటు కార్ఖానా, వచ్చే ఏడు అందరూ పర్మినెంటు.

అలాంటి ఊళ్లో కాక ఒక చిన్న చిట్టీ నడిపేవాడు. ఇరవై మంది. నెలకు పది రూపాయలు. అందరూ ఆయనతో పాటు ఒకే కప్పు కింద పని చేసినవాళ్లే. పక్కన నిలబడి పనిచేయనివాణ్ణి చిట్టీలో చేర్చుకునేవాడు కాదు, ఎంత బతిమాలినా సరే. జీతాల తర్వాత వచ్చే ఆదివారం, ప్రార్థన ముగించుకుని చర్చి గుడి నుంచి వచ్చాక, ఆయన ఇంటి ముందు చాపలు వేసి పాట పెట్టేవాడు. అవసరం ఉన్నవాళ్లు తగ్గించి పాడుకునేవారు. ఎవరు ఎక్కువ వదులుకుంటే చిట్టీ వాళ్లది, వదులుకున్నది మిగతావాళ్లు పంచుకుంటారు. ఇది అందరికీ తెలిసిందే. ఆయన పద్ధతిలో రెండు మాత్రం ఇంకెక్కడా లేనివి.

పాటకు ముందు అందరూ టీ తాగి, ఏదో ఒకటి తినాలి. చిన్నమ్మ, అంటే కాక భార్య, ఉడికించిన శనగలో, అటుకులో పెట్టేది. ఖాళీ కడుపుతో ఉన్నవాడు తొందరపడి పాడతాడని కాక నమ్మకం. రెండోది మొదటి నెల చిట్టీ. మొదటి నెల మొత్తం నడిపేవాడిదే, అది ఎక్కడైనా ఉన్న రివాజే. కాక దాన్ని తీసుకునేవాడు కానీ ఖర్చు పెట్టేవాడు కాదు. ఒక రేకు డబ్బాలో వేసి మూత బిగించేవాడు. ఎవరైనా ఒక నెల కట్టలేకపోతే అందులోంచి తీసి, ఎత్తుకున్నవాడికి పూర్తిగా ముట్టజెప్పేవాడు. చిట్టీ ముగిసేదాకా ఆ డబ్బా జోలికి పోవడమంటూ లేదు.

నేను ఆ చిట్టీలో ఇరవై ఒకటోవాణ్ణి. నా కోసం నియమం సడలించాడు. గనిలో దిగినవాణ్ణి కాకపోయినా, పుస్తకం రాసే పిల్లగాడు, మంచి ఇంటివాడు అని. అది ఆయన చేసిన మొదటి పొరపాటు.

నాకు అప్పటికి పెళ్లి కుదిరింది. మార్కెట్టు వెనక జాగా ఒకటి చూసి పెట్టుకున్నాను. నెలకు పది రూపాయల చిట్టీతో ఇల్లు లేవదు. పెద్ద చిట్టీ కావాలి. బయట పెద్ద చిట్టీలు నడిపేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ వాళ్ల మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం ఉన్న మనిషేమో చిన్న చిట్టీ దాటి రాడు. కాబట్టి ఆయన్నే మార్చాలనుకున్నాను. ఈ మాట ఇంత సూటిగా అప్పుడు నాలో నేను కూడా అనుకోలేదు. ఆయన మేలు కోసమే చెబుతున్నాననుకున్నాను.

ఎన్ని ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని చెవిలో జోరీగలా పోరానో. ఊరు ఇంతలింతలవుతుంటే నువ్వింకా ఇరవై మందితోనే ఉంటావా అన్నాను. డబ్బాలో డబ్బు పడుకోబెడితే ఏం లాభం, దాంతో నాలుగు గదులు వేస్తే కొత్తగా వచ్చే బదిలీ ఫిల్లర్లు నీ వాకిట్లో వరస కడతారన్నాను. బదిలీవాళ్లంటే, పర్మినెంటు మనిషి రాని రోజు అతని చోట బొగ్గు ఎత్తేవాళ్లు. మస్టర్ పడిన రోజే వాళ్లకు కూలి. ఆ రోజుల్లో పని ఎంత ఉండేదంటే బదిలీవాళ్లకు కూడా నెలంతా మస్టర్లు పడేవి. అన్నిటికంటే పెద్ద మాట ఒకటి అన్నాను. మూడేళ్లలో నీ చిట్టీలో ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు కదా, మరి ఆ డబ్బా ఎందుకు?

 ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడైతే నా దగ్గర ఉంది. ఎవరూ ఎగ్గొట్టకపోవడానికి కారణం వాళ్ల నిజాయితీ కాదు, మా తెలివీ కాదు, ఊరు పెరుగుతూ ఉండటమే. ఒకడికి ఈ నెల తక్కువ పడితే కొత్తగా వచ్చినవాడు చేబదులు ఇచ్చేవాడు. వాడికి తక్కువ పడితే వాడి తర్వాత వచ్చినవాడు. చిట్టీ ఎత్తినవాడు గది వేసేవాడు, ఆ గదిలో దిగినవాడు ఇంకో చిట్టీలో చేరేవాడు. బయటి నుంచి మనుషులు దిగుతున్నంత కాలం ఎవరి లోటూ బయటికి కనిపించలేదు. లోటు లేదనే అనుకున్నాం. కష్టం రాని మూడేళ్లను చూపించి, కష్టం కోసం దాచిన డబ్బాను తెరిపించాను. దీన్ని మించిన తెలివితక్కువ పని నేను మళ్లీ చేయలేదు, చేయడానికి అలాంటి మనిషీ మళ్లీ దొరకలేదు.

కాక చాలా వారాలు "సూద్దాం" అనే అన్నాడు. చివరికి ఒకరోజు ఆఫీసు వరండాలో నన్ను ఆపాడు.

"నేను ఎరుగనోళ్ళను ఎట్ల చేర్చుకోవాలె బిడ్డా? కప్పయితే కొట్టి సూస్త. మనిషిని ఎట్ల కొట్టి సూడాలె?"

పుస్తకం నా చేతిలో ఉంటుంది కదా, నన్నడుగు అన్నాను. ఎవరికి ఎన్ని మస్టర్లు పడ్డాయో, ముందు పడతాయో లేదో నాకంటే ఎవరికి తెలుసు?

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. "అయితే నువ్వు పడ్తయంటేనే చేర్చుకుంట. నువ్వు వద్దంటే వద్దు" అన్నాడు.

అలా మొదలైంది. నెలకు పాతిక రూపాయల చిట్టీ, నలభై మంది. దాని వెనక ఇంకొకటి. డబ్బాలోదీ, కొత్త చిట్టీల మొదటి నెలవీ కలిపి ఇంటి వెనక మట్టిగోడలతో, గూనపెంకులతో ఆరు గదులు వేశాడు. ఖాళీ డబ్బా ఎందుకు ఊరికే అని చిన్నమ్మ అందులో ఎండుమిరపకాయలు పోసింది. నా పోరు ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు. కానీ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు, నాకు శనగలు పెట్టడం మానలేదు.

కొత్తవాడు ఎవడు వచ్చినా కాక వాణ్ణి వెంటబెట్టుకుని టైమ్ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చేవాడు. ఒకటే ప్రశ్న. "వీనికి మస్టర్లు పడ్తయా, బిడ్డా?" మొదట్లో నేను పుస్తకం తిరగేసి, వేలు పెట్టి లెక్కచూసి, ఆలోచించి చెప్పేవాణ్ణి. ఇద్దరు ముగ్గురిని వద్దన్నాను కూడా. తర్వాత్తర్వాత పుస్తకం తెరవడం మానేశాను. అందరికీ పడుతున్నప్పుడు ఇక చూసేదేముంది? తల కూడా ఎత్తకుండా "పడ్తయి కాక" అనేవాణ్ణి. ఆయన పోతూ పోతూ కిటికీ చెక్కను కణుపులతో ఒకసారి కొట్టి పోయేవాడు.

ఆ తర్వాతి సంగతి చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది.

ఒక శనివారం హెడ్ క్లర్కు మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేశాడు. కొన్ని నెలలుగా గని పైన బొగ్గు కుప్పలు పెరిగిపోతున్నాయి, వ్యాగన్లు సరిగా రావడం లేదు, కొనేవాళ్లు వెనకాడుతున్నారు. అది మాకు కంటికి కనబడుతున్నదే. ఆయన చెప్పింది దాని మీది నిర్ణయం. కొత్త గని తవ్వకం ఆపుతున్నారు. ఒకటో తారీకు నుంచి బదిలీవాళ్లలో పాతవాళ్లకు తప్ప ఇంకెవరికీ మస్టర్ ఇవ్వకూడదు. నోటీసు పెట్టేదాకా ఈ మాట బయటికి పొక్కకూడదు, పొక్కితే గేటు ముందు జనం మూగుతారు. మేం సరే అని బయటికి వచ్చాం.

మరుసటి రోజు ఆదివారం, పాట ఉంది. పెద్ద చిట్టీ ఎనిమిదో నెల. నిజానికి నేను చివరిదాకా ఆగి ఎత్తాలనుకున్నవాణ్ణి, అప్పుడైతే నష్టం ఉండదు. ఆ రోజు మాత్రం కాక ఇంటికి అందరికంటే ముందు పోయి కూర్చున్నాను. చిన్నమ్మ టీ ఇస్తే కడుపులో బాగాలేదని పక్కన పెట్టాను. పాట మొదలైంది. ఎవరో యాభై వదులుకుంటానన్నారు. ఇంకొకరు డెబ్భై. నేను ఒకేసారి మూడు వందలు అన్నాను.

చాపల మీద నవ్వులు లేచాయి. పెళ్లి పిచ్చి పట్టిందని ఎవరో ఎకసెక్కం ఆడారు. కాక నవ్వలేదు. పాట ఆపి నన్ను పక్కకు పిలిచాడు.

"ఏం ఆపతొచ్చింది బిడ్డా? గింత ఇడిసిపెట్టుడెందుకు? పైసలు కావాలంటే నా తాన అడుగు."

ఇంటికి పునాది తీశాం, మేస్త్రీ ఆగడంటున్నాడు అని చెప్పాను. పునాది నిజమే, మేస్త్రీ అబద్ధం. ఆయన నా భుజం మీద చేయి వేసి తీసుకొచ్చి, ఈ నెల ఇంకెవరూ పాడకండి, పిల్లగాడు ఇల్లు కడుతున్నడు అన్నాడు. ఎవరూ పాడలేదు. తీరా చూస్తే ఆ నెలవి ఇంకా కొందరి దగ్గర వసూలు కాలేదు. రెండు రోజులు ఆగుతవా అని అడిగాడు. ఇవాళే కావాలన్నాను.

అప్పటికి గోడ పక్కన ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. నెల కింద వచ్చిన బదిలీవాళ్లు, కాక గదుల్లోనే ఉంటున్నారు. పెద్ద చిట్టీలో ముగ్గురు కొత్తగూడెం గనులకు పోవడంతో, వాళ్లు కట్టింది కాక తన చేతి నుంచి తిరిగి ఇచ్చేసి పంపాడు. ఆ మూడు ఖాళీల్లోకి వీళ్లు చేరుతారట. నడుస్తున్న చిట్టీలో చేరాలంటే వెనకటి నెలలన్నీ ఒకేసారి కట్టాలి. పల్లెకు పోయి ఒకడు ఎడ్లు అమ్మాడు, ఇంకొకడు మేకలమ్మాడు, మూడోవాడు ఏం చేశాడో తెలియదు. డబ్బు పంచె కొంగులో ముడి వేసుకుని వచ్చారు.

కాక వాళ్లను నా ముందుకు తెచ్చాడు. ఎప్పటిలాగే తల కాస్త పక్కకు వంచాడు.

"వీళ్ళకు మస్టర్లు పడ్తయా, బిడ్డా?"

ఇంకో పది రోజుల్లో ఆ ముగ్గురికీ ఒక్క మస్టర్ కూడా పడదని ఆ చాపల మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వద్దంటే, ఎందుకని అడుగుతాడు. చెబితే ఉద్యోగానికి ముప్పు. అంతకంటే ముందు, వాళ్లు కట్టకపోతే ఆ రోజు నా డబ్బు పూర్తి కాదు. ఇవన్నీ నా బుర్రలో ఒక్క గుక్కలో తిరిగాయి. అయోమయంలో నోరు జారిందని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

"పడ్తయి కాక" అన్నాను.

వాళ్లు ముడులు విప్పారు. ఆ నోట్లనే లెక్కపెట్టి, తక్కువ పడినచోట కలిపి, కాక నా చేతిలో పెట్టాడు.

నోటీసు వచ్చింది. రెండు నెలలు తిరగకుండా బదిలీవాళ్లు మూటలు కట్టుకున్నారు. పెద్ద గొడవేమీ కాలేదు. ఒక్కో గది ఖాళీ అవుతూ వచ్చింది, ఒక్కో హోటలు పొయ్యి ఆరుతూ వచ్చింది. ఇంతలింతలు అవుతున్న ఊరు ఆగిందే తప్ప కూలిపోలేదు, కానీ మేమంతా బతికింది అది ఆగదనే లెక్క మీద. చిట్టీ ఎత్తినవాళ్లలో చాలామంది కట్టకుండానే పోయారు. ఎత్తనివాళ్లు కాక వాకిట్లోకి వచ్చారు. ఊళ్లో చిట్టీలు నడిపినవాళ్లు కొందరు రైలెక్కారు. కాక ఎక్కడికీ పోలేదు. ఆరు గదుల పెంకులు, దూలాలు, తలుపులు విప్పి అమ్మాడు. సొంత పల్లెలో ఉన్న ఎకరన్నర అమ్మాడు. చాలలేదు. మిగిలింది కష్టపడి కడతానని, అందరినీ పేరుపేరునా పిలిచి చెప్పాడు.

సెలవు రోజు గనిలో పనిచేస్తే రెండింతల కూలి ఇస్తారు. ప్లేడే అంటారు దాన్ని. ఆ తర్వాత ఆరేళ్లు ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు. గుడిలో ప్రార్థనకు చిన్నమ్మ ఒక్కతే పోయేది. పాస్టరుగారు ఇంటికి వచ్చి అడిగితే, దేవుడు కిందికి గూడ వస్తడు గద అన్నాడట. ఆ ఆరేళ్ల ఆదివారాల హాజరు రాసింది నేనే. సోమవారం పొద్దున ఆయన నంబరు ఎదురుగా ప్లేడే గుర్తు పెట్టినప్పుడల్లా ఇవాళ చెప్పేస్తాననుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి ఆ మాట చల్లారిపోయేది.

నేను మాత్రం నా నెలలు ఒక్కటి తప్పకుండా కట్టాను. కట్టకుండా ఉండలేకపోయాను. దాంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఎగ్గొట్టి తిరుగుతున్నవాడు ఎవడు ఎదురుపడినా కాక నన్ను చూపించేవాడు. ఈ బిడ్డ ఎత్తుకుని గూడ ఒక్క నెల తప్పలేదు, సిగ్గు తెచ్చుకోండి అని. నడిబజారులో, నా ముందే. నేను తల దించుకునేవాణ్ణి. అది వినయమనుకుని జనం నన్ను ఇంకా మెచ్చుకునేవారు.

మా గృహప్రవేశానికి వచ్చాడు. షిఫ్టు దిగి స్నానం చేసి, కొబ్బరికాయ, ఒక కోడిపెట్ట పట్టుకుని వచ్చాడు. అందరూ భోజనాల దగ్గర ఉంటే ఆయన ఒక్కడూ గది గదికీ తిరిగి గోడలు కొట్టి విన్నాడు.  బయటికి వచ్చి, "మస్తు గట్టిగ ఉన్నది బిడ్డా. భయం లేదు" అన్నాడు. ఆయన కళ్లలో సంతోషం చూడలేక వంటవాళ్ల దగ్గరికి పోయాను.

ఒక్కసారి మాత్రం ఆ ముగ్గురి మాట ఎత్తాడు. అందరి బాకీ దాదాపు తీరిపోయిన రోజుల్లో కిటికీ దగ్గరికి వచ్చి, వాళ్లది ఏ ఊరో పాత పుస్తకంలో చూసి చెప్పమన్నాడు. ఎడ్లు అమ్ముకొని వచ్చినోళ్ళు, వాళ్ళయి నా మెడ మీదున్నయి అన్నాడు. ఆ పేర్లు నేను మళ్లీ చూడలేను. చూస్తే ఆ ఊళ్లకు పోవాలి, పోతే వాళ్లు నా మొహం గుర్తుపడతారు. పాత పుస్తకాలు పెద్దాఫీసుకు పంపించారు కాక అని చెప్పాను. అవి నా వెనక బీరువాలో ఉన్నాయి. ఆయన "అట్లనా" అని పోయాడు. ఏడాదిన్నర తిరక్కుండా రొమ్ములో నెమ్ముతో దవాఖానలో చేరాడు. నేను చూడటానికి పోలేదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే ఆ దవాఖాన కాగితం వచ్చింది.

పదిహేను రోజులకు చిన్నమ్మ ఆఫీసుకు వచ్చింది. పీఎఫ్ డబ్బు కోసం కాగితం రాయాలి. బడి పిల్లలా బెంచీ అంచున కూర్చుంది. నేను ఆమె చెప్పింది రాస్తున్నాను. సగం రాశాక రవికలోంచి మడత కాగితం ఒకటి తీసింది. కాక చేతిరాత, ఒక్కో అక్షరం ఒక్కో వైపు వాలి ఉంది. మూడు పేర్లు.

"పోయే ముందట గీ కాయిదం నా చేతుల పెట్టిండు బిడ్డా. వీళ్ళయి ఇయ్యకుంటనే పోతున్న, కంపిని పైసలు రాంగనే ముందుగాల వీళ్ళకియ్యాలె అన్నడు. ఊర్లు మాత్రం ఎరికలేవు. నీ బుక్కులు పెద్దాఫీసుల ఉన్నయట గద. జర తెప్పిస్తవా?"

 ఆమెను వరండా చివరికి తీసుకుపోయాను. ఆ బుక్కు యాడికీ పోలేదు చిన్నమ్మా, నా బీరువలనే ఉన్నది అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేదేమో, కానీ ఆగలేదు. శనివారం హెడ్ క్లర్కు గది నుంచి ఆదివారం చాపల దాకా అన్నీ చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని, నేలకేసి చూస్తూ విన్నది. అయిపోయాక ఒకటే అడిగింది.

"ఆయన అడిగినప్పుడు నీకు ఎరికేనా, పడయని?"

"ఎరికే" అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడుతుందని, తిడితే కొంత తేలికవుతుందని ఆశపడ్డాను, దాచడమెందుకు. నా చేతిలోని సగం రాసిన కాగితం తీసుకుని పక్క కిటికీ గుమాస్తా దగ్గరికి పోయి వరసలో నిలబడింది. అక్కడ మొదటి నుంచి రాయించుకుని, వేలిముద్ర వేసి, మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఈసారి బిడ్డా అనలేదు.

"పైసలు రాంగనే తెచ్చిస్త. వాళ్ళను నువ్వే దేవులాడి ఇచ్చి రావాలె. ఇచ్చేటప్పుడు, నాకు చెప్పిన ముచ్చట వాళ్ళకు గూడ చెప్పాలె."

ఊళ్ల పేర్లు వెతకడానికి పావుగంట కూడా పట్టలేదు. మూడోవాడు పోయి నాలుగేళ్లయిందని తెలిసింది, అతని భాగం తమ్ముడికి చిన్నమ్మే పంపింది. మిగతా ఇద్దరి దగ్గరికి నేను పోయాను. మొదటివాడు మంచిర్యాలలో రైసుమిల్లు హమాలీ. బస్తాల మధ్య నిలబెట్టి అంతా చెప్పాను. అతను డబ్బు తీసుకుని నడుముకు కట్టుకున్నాడు. ఎడ్లు కొన్నవాడు వాటిని ఎలా చూసుకునేవాడో, ఆ ఏడు వానాకాలం తాను ఎవరి పొలంలో కూలికి పోయాడో చెప్పాడు. చెప్పి, ఇక పో అన్నట్టు చేయి ఊపి, బస్తా ఎత్తుకున్నాడు.

రెండోవాడిది రామగిరి దగ్గర పల్లె. నన్ను చూడగానే గుర్తుపట్టాడు, పుస్తకం సారు అన్నాడు. డబ్బు చేతిలో పెట్టి, కాక పంపాడని అనేసరికి అతని కళ్లు నిండాయి. ఇంట్లోవాళ్లను, పక్కింటివాళ్లను పిలిచాడు. చచ్చిపోతూ కూడా మాట నిలబెట్టుకున్న మనిషి సంగతి అందరికీ చెప్పాడు. ఇంత దూరం ఎండలో నడిచి వచ్చి ముట్టజెప్పిన మంచివాడని నన్నూ చూపించాడు. చాప వేశారు. మజ్జిగ ఇచ్చారు. నేను తాగాను. నోరు తెరవబోయిన ప్రతిసారీ అతని ముసలితల్లి నాకు దండం పెడుతోంది. చీకటి పడకముందే లేచి వచ్చేశాను.

తిరిగి వచ్చి చిన్నమ్మ ఇంటికి పోయాను. ఇద్దరికీ ముట్టాయని చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు. పైసల గురించి ఏమీ అడగలేదు.

"ఇద్దరికీ చెప్పినవా?" అంది.

చెప్పిన అన్నాను.